తెగిన పుటలు



చాలా రోజుల తరువాత టపా వ్రాస్తున్నాను. ఇది సాహిత్యమో, కంప్యూటరు ముచ్చటో మీరే తేల్చండి.

ప్రాచ్య కళాశాలలో మాకు వసుచరిత్ర బోధించిన గురువుగారు తమ పాఠాల కోసం వ్రాసుకొన్న టిప్పణం ఒకటి ఉన్నది. నీలి సిరాతో 240 పుటలు. పద్యం పద్యానికీ అన్వయం, శ్లేషలోని రెండర్థాలు, వారికి తోచిన పాఠాంతరాలు అందులో ఉన్నవి. అది అచ్చుకు నోచుకోలేదు. వారు గతించిన తరువాత వారి అమ్మాయిగారు ఆ పుస్తకాన్ని నెల గడువుతో నా చేతికిచ్చి, "అన్నయ్యగారూ, దీనికి రెండో ప్రతి లేదు" అన్నారు.

పుటలన్నింటికీ ఫోటోలు తీసి, ఒక్కొక్క దానిని 200 కిలోబైట్ల వరకు కుదించాను. ఉత్త ఫోల్డరులో పడవేస్తే ఏ పద్యం ఎక్కడున్నదో వెతకలేము. ఆశ్వాసం, పద్యసంఖ్య, పుటసంఖ్య ఒక పట్టికలో ఉంచి, బొమ్మను కూడా అదే వరుసలో చేర్చాలనుకొన్నాను. అందుకు మైఎస్‌క్యూఎల్ డేటాబేసును, పైథాన్ భాషను ఎన్నుకొన్నాను.

తొలి తప్పులు చిన్నవి. బొమ్మ ఫైలును అక్షరాల ఫైలు వలె తెరిచాను, ప్రోగ్రాము మొరాయించింది. జేపెగ్ బొమ్మలో మొదటి బైటు 255. యూటీఎఫ్-8లో ఆ బైటుకు చోటే లేదు. మన తెలుగు అక్షరాలకు మూడేసి బైట్లు ఇచ్చే ఆ పద్ధతిలో బొమ్మను చదవబోవడం, లెక్కల పుస్తకాన్ని పద్యంగా చదవబోవడమే. బైట్లను బైట్లుగానే తెరవమని చెప్పవలె. మరొక తప్పు, ఆ బైట్లను ఆజ్ఞావాక్యం మధ్యలో అతికించడం. వాటిలో ఎక్కడో ఒక ఉద్ధరణచిహ్నం తగిలి వాక్యం తెగిపోతుంది. వాక్యంలో ఖాళీ గుర్తు ఉంచి, బొమ్మను విడిగా అందించడమే సరియైన మార్గం. ఇవి దిద్దుకొన్నాను. 240 వరుసలు చేరినవి. పుస్తకాన్ని భద్రంగా అప్పగించి వచ్చాను. డేటాబేసులో ఉన్నవి కదా అన్న ధీమాతో కెమెరా కార్డునూ, ఫోల్డరునూ ఖాళీ చేశాను.

కొన్ని నెలల తరువాత ఒక శ్లేష కోసం పుట తెరిచాను. పైన మూడో వంతు గురువుగారి దస్తూరి. దాని క్రింద అంతా బూడిదరంగు. మరొక పుట, అదే తీరు. అన్నీ అంతే.

ఈ రంగంలో ఉన్న పూర్వవిద్యార్థికి ఫోను చేశాను.

"మాస్టారూ, ఆ గడిని ఏ రకంగా ప్రకటించారు?"

"బ్లాబ్ అని."

"ఫైలు పొడవూ, గడిలో పడిన పొడవూ సరిచూశారా?"

నా దగ్గర సమాధానం లేదు.

మైఎస్‌క్యూఎల్‌లో బ్లాబులు నాలుగు రకాలు. టైనీబ్లాబులో 255 బైట్లు, బ్లాబులో 65,535, మీడియంబ్లాబులో 16 మెగాబైట్లు, లాంగ్‌బ్లాబులో 4 గిగాబైట్లు పడతవి. ఆ పేరు పెట్టిన జిమ్ స్టార్కీ దానిని 1958 నాటి 'ద బ్లాబ్' అనే సినిమాలోని ముద్దను తలచుకొని పెట్టినాడట. 'బైనరీ లార్జ్ ఆబ్జెక్ట్' అన్న విగ్రహవాక్యం తరువాత పుట్టింది. 'లార్జ్' అన్న మాటను నమ్మి నేను కొలత చూడలేదు. రెండు లక్షల బైట్ల బొమ్మలో 65,535 దగ్గర కత్తెర పడింది. కఠిన నియమం అమలులో ఉంటే డేటాబేసు ఆ బొమ్మను తిరస్కరించేదే. తేదీల విషయంలో విసిగిస్తున్నదని ఆ నియమాన్ని తీసివేసినవాడను నేనే. అయినా అది ప్రతి వరుసకూ ఒక హెచ్చరిక ఇచ్చింది. నా ప్రోగ్రాము దానిని చదవలేదు. జీవితమంతా పిల్లల కాగితాలపై ఎర్రసిరాతో హెచ్చరికలు వ్రాసినవాడికి ఇది తగిన శాస్తి.

మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళి అమ్మాయిగారికి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. ఆమె ఏమీ అనలేదు; అటక మీది నుంచి పుస్తకం దింపించారు. నడుమ ఒక వానాకాలం గడిచింది. చివరి పుటలు చెమ్మకు అతుక్కొన్నవి. ఎంత ఓపికగా విడదీసినా 9 పుటలలో సిరా కరిగి మరకలే మిగిలినవి.

ఈసారి ముందుగా చదివి, తరువాత పనిలోకి దిగాను. బొమ్మలు పట్టికలోపల ఉండవలెనా, వెలుపల ఉండవలెనా అన్నది పాత వివాదమే. 2006లో మైక్రోసాఫ్ట్ పరిశోధనశాల నుంచి జిమ్ గ్రే ప్రభృతులు వెలువరించిన పత్రం ప్రకారం, 256 కిలోబైట్ల కంటె చిన్నవి డేటాబేసులో, మెగాబైటు దాటినవి ఫైళ్ళుగా ఉండటం మేలు. నడిమివి వాడుకను బట్టి. అవి ఆనాటి యంత్రాల కొలతలు. అయినా నా బొమ్మలు 200 కిలోబైట్లే కనుక మీడియంబ్లాబులో ఉంచాను. వరుస తీసివేస్తే బొమ్మా పోతుంది, చేర్చడం మధ్యలో ఆగితే రెండూ చేరవు. దిక్కులేని ఫైళ్ళు మిగలవు.

గురువుగారి పద్యపఠనం టేపుల సంగతి వేరు. ఒక వైపు 45 నిమిషాలు. కుదించకుండా సీడీ నాణ్యతతో ఎక్కిస్తే 476 మెగాబైట్లు. మైఎస్‌క్యూఎల్ 8.0లో ఒక్క విడతలో పంపదగిన మూట సహజంగా 64 మెగాబైట్లే. పరిమితి పెంచవచ్చును గాని, అంత మోత జ్ఞాపకశక్తికీ, ప్రతులు తీయడానికీ భారమే. అందుచేత టేపులను ఫైళ్ళుగానే ఉంచి, పట్టికలో వాటి చిరునామానూ, ఫైలు మారితే పట్టియిచ్చే షా-256 ముద్రనూ వ్రాశాను. ఫైలును జరిపితే చిరునామా వట్టిదవుతుంది. ఆ కాపలా నాదే.

ఇప్పుడు ప్రతి బొమ్మనూ చేర్చిన వెంటనే తిరిగి చదివి, మూలంతో బైటు బైటుకూ సరిచూస్తున్నాను. ఆ తరువాత కూడా మూలాన్ని చెరపడం లేదు. ఒక ప్రతి అమ్మాయిగారి ఇంటిలోనూ ఉన్నది.

ఆ 9 వరుసలలో పాత తెగిన బొమ్మలనే ఉంచి, పక్కన 'అసంపూర్ణం' అని వ్రాశాను. గడిలో ఇప్పుడు కావలసినంత చోటున్నది. పెట్టడానికి పుట లేదు. అవన్నీ చివరి ఆశ్వాసానివి. ఆ తరగతిలో నాతో కూర్చున్నవారి నోటుపుస్తకాలు ఎవరి ఇంటి అటక మీదనైనా ఉంటే దయచేసి తెలుపగలరు. నేనే వచ్చి చూచుకొంటాను.