బ్యాటరి పొదుపు

పూర్వము మన యిండ్లలో సాయంకాలము కాగానే లాంతరు చిమ్నీని దుడిచి, వత్తిని సరిచేసి, కిరసనాయి లెంత యున్నదో చూచుకొనుట పెద్దల నిత్యకృత్యముగా నుండెను. అవసరమునకు మించి వత్తిని బెంచిన పిల్లలకు మందలింపు తప్పెడిది కాదు. నేడు లాంతరు లటకెక్కినవి. ప్రతి యింటను స్మార్టుఫోను వెలసినది. దానికి బ్యాటరియే చమురు. కాని, చమురు చూచుకొను నలవాటు కూడ లాంతరుతోబాటే యటకెక్కినట్లున్నది.

ఈ బ్యాటరి లిథియము అయానుల రాకపోకలవలన బనిచేయును. ఛార్జి చేయునపు డవి యొక ధ్రువమునుండి రెండవదానికి బోయి నిలుచును. వాడుకొనునపుడు మరల వెనుకకు వచ్చును. ఇట్టి బ్యాటరిని 1991 లో సోనీ సంస్థవారు మొదట విక్రయమునకు దెచ్చిరి. దీనికి మార్గము చూపిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యొషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019 లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మొసగబడెను. అప్పటికి గుడినఫ్ గారి వయస్సు 97 సంవత్సరములు.

బ్యాటరి నిలుకడ యనగా రెండు సంగతులు. నేటి ఛార్జి రాత్రివఱకు వచ్చుట యొకటి. బ్యాటరియే యేండ్లకొలది చెడకుండుట మఱియొకటి.

మొదటిదానికి ముఖ్యశత్రువు తెర. దాని వెలుగును దగ్గించి, చూడనపుడు శీఘ్రముగా నాఱిపోవునట్లు సవరించుకొనిన జాల లాభము గలదు. సిగ్నలు బలహీనముగా నున్న తావులలో ఫోను టవరు నందుకొనుటకై యెక్కువ శక్తిని వ్యయపఱచును. అట్టిచోట బని లేనపుడు దానిని ఏరోప్లేను మోడులో నుంచుట మేలు.

రెండవదానికి ముఖ్యశత్రువు వేడిమి. 35 డిగ్రీలకు మించిన వేడిలో వాడుటగాని ఛార్జి చేయుటగాని బ్యాటరి కాయువును దగ్గించును. మన వేసవి 40 డిగ్రీలు దాటుట యందఱెఱిగినదే. కావున ఫోను నెండలో విడువరాదు. దలగడ క్రింద నుంచి ఛార్జి చేయరాదు. పూర్తిగా నింపి గంటలకొలది యట్లే యుంచుటయు, పూర్తిగా నెండగట్టుటయు రెండును హానికరములే. 20 పాళ్లకును 80 పాళ్లకును నడుమ నుంచుట శ్రేయము. పూర్తిగా ఖాళీచేసి మరల నింపవలెనను మాట పాతకాలపు నికెల్ కాడ్మియము బ్యాటరులకు సంబంధించినది; లిథియమునకు వర్తింపదు. బ్యాటరి యుబ్బినచో దానిని వెంటనే వాడుట మానవలెను, గ్రుచ్చరాదు, నొక్కరాదు.

ఇంత చిన్న విషయమునకు నింత శ్రద్ధ యేల యని కొంద ఱడుగవచ్చును. 2014 అక్టోబరు 12 వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును దాకినపుడు మా వీధిలో బలుదినములు విద్యుత్తు లేకపోయెను. పడుచువారి ఫోనులు మొదటి రాత్రియే పాటలకును టార్చి వెలుగునకును ఖర్చయి నల్లబడినవి. మా పొరుగింటి ముసలమ్మగారి ఫోనులో నాల్గవవంతు ఛార్జి మాత్రము మిగిలియుండెను. ఆమె కుమారుడు దూరదేశమున నుద్యోగములో నుండెను. ఆమె ఫోను నార్పి కొంగున ముడివైచుకొని, యుదయ మొకమాఱు, సాయంకాల మొకమాఱు మాత్రమే వెలిగించి సిగ్నలు వచ్చెనేమో చూచుచుండెను. కొన్నిదినములకు సిగ్నలు రాగా, కుమారునితో రెండు మాటలాడి, “మీవాళ్లకు గూడ జెప్పుకోండి నాయనా” యని ఫోనును వీధివారి చేతుల కిచ్చెను. మా యందఱి క్షేమవార్తలును నాడు ఆ ఫోనునుండియే వెళ్లినవి.

పది కన్యకల యుపమానము మన పాఠశాలలో నెఱుగనివారు లేరు. అందలి బుద్ధిగల కన్యకలు తమ సిద్దెలలోని నూనె నితరులకు బంచి యీయజాలకపోయిరి. ఈమె పంచి యిచ్చెను. అయిన నామె యట్లు పంచగలుగుటకు ముందు దానిని మిగిల్చి యుండవలెను గదా!

ప్రియ విద్యార్థులారా, మన ఫోనులోని ఛార్జి మన యొక్కరికే చెందినదని తలంపకుడు. వేళగానివేళ నది తల్లికో, పొరుగువారికో, దారిలో బడియున్న బాటసారికో యక్కఱకు వచ్చును. ఆటకై తెరను వెలిగించునపు డీ సంగతి యొకింత స్మరింపుడు.