సముద్రయానం – ఏడు కిలోల అపరిగ్రహం



ఉప్పాడ గ్రామంలో ఒక నేతగృహం. మగ్గపు గుంట ప్రక్కన వేసిన మంచం మీద రెండు పెద్ద పెట్టెలు తెరచి ఉన్నవి. ఒకదానిలో ఎనిమిది చీరలు, నాలుగు పంచెలు, రెండు దుప్పట్లు. రెండవదానిలో ఆవకాయ జాడీ, జంతికల డబ్బా, పూజాసామగ్రి. వాటి నడుమ పాతచీర ముక్కలో చుట్టిన ఒక ఇత్తడి దీపపు కుంది. ఆ ఇంటి ఇల్లాలికి అరువది సంవత్సరాలు సమీపించుచున్నవి. విశాఖపట్టణంలో ఉద్యోగం చేయుచున్న కుమార్తె, తల్లిదండ్రులను విహారనౌకపై తీసుకొనిపోవ సంకల్పించినది. విశాఖ రేవులో ఓడనెక్కి, పుదుచ్చేరి మీదుగా చెన్నై చేరుట. అక్కడినుండి విమానంలో తిరిగి వచ్చుట. మూడు రాత్రుల యాత్ర.

కుమార్తె వచ్చి పెట్టెలను చూచినది. "అమ్మా, ఇవేవీ వద్దు. మనిషికొక చేతిసంచి, ఏడు కిలోలు. అంతే."

తల్లి కొంతసేపు మాట్లాడలేదు. పిమ్మట కుందిని చేతిలోకి తీసుకొని, "మళ్ళీ సముద్రం కోసం అన్నీ వదిలేసి రమ్మంటావేంటే?" అన్నది.

ఈ మాటలోని బాధ తెలియవలెనంటే ఉప్పాడ స్థితి కొంత తెలియవలెను. కాకినాడకు ఈశాన్యంగా, పిఠాపుర పాదగయాక్షేత్రానికి చేరువలో, బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న గ్రామమిది. ఇక్కడి జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కీర్తి ఒకవైపు పెరుగుచుండగా, మరొకవైపు దశాబ్దాలుగా సముద్రం ఈ తీరాన్ని కోసివేయుచున్నది. ఇండ్లు, కొబ్బరిచెట్లు, వీధులు జలగర్భంలో కలిసిపోయినవి. కాకినాడ–ఉప్పాడ తీరరహదారి తుపానులకు పలుమార్లు ఛిద్రమైనది. బండరాళ్ళు పేర్చినను, ఇసుక నింపిన జియోట్యూబులు పరచినను అలలు వెనుకకు తగ్గలేదు.

ఈ దంపతుల మొదటి ఇల్లు కూడా నేడు నీటి క్రిందనే ఉన్నది. పాతికేళ్ళ క్రిందట ఒక తుపాను రాత్రి, ఆయన కూతురిని భుజాన వేసుకొని, ఆమె ఈ కుందిని చేత పట్టుకొని బయటపడినారు. మగ్గం, పట్టునూలు, ఇనుపపెట్టె, పెండ్లినాటి చీరలు అన్నీ పోయినవి. నాడు భుజాన ఉన్న ఆ బిడ్డయే నేడు ఓడ ప్రయాణానికి పిలుచుచున్నది. ఒక్క కుంది తప్ప సమస్తమూ పోగొట్టుకొన్న వ్యక్తిని, ఆ కుందిని కూడా విడిచి రమ్మనుట చిన్న విషయం కాదు.

కుమార్తె చెప్పిన కారణాలు లౌకికమైనవి; కాని సరియైనవి. విశాఖ రేవులో 2023 సెప్టెంబరులో విహారనౌకల కొరకు ప్రత్యేక టెర్మినల్ ప్రారంభమైనది. ఇటువంటి ప్రయాణాలలో పెద్ద పెట్టెలను రేవులోనే సిబ్బందికి అప్పగించవలెను. తనిఖీ ముగిసి అవి గదికి చేరుటకు గంటలు పట్టును. రక్తపోటు మాత్ర, కంటి అద్దాలు, మార్చుకొనవలసిన వస్త్రం ఆ పెట్టెలో ఉండిపోయినచో అంతవరకు నిరీక్షణమే. ఓడలోని గది ఇరుకైనది. పెట్టె పెట్టిన పిమ్మట మనిషి నిలుచుటకే చోటు చాలదు. తిరుగు విమానంలో చేతిసంచికి సాధారణంగా ఏడు కిలోలు పరిమితి. ఆ హద్దులో ఉన్నవారు విమానం దిగగానే సామాను కొరకు వేచియుండక బయటకు నడువవచ్చును.

కుంది విషయంలో మరొక చిక్కు ఉన్నది. ఓడలో ఎక్కడను దీపం గాని, కర్పూరం గాని వెలిగింపరాదు. నడిసముద్రంలో అగ్నిప్రమాదం కంటె భయంకరమైనది వేరొకటి లేదు గనుక విహారనౌకలు కొవ్వొత్తిని, ఇస్త్రీపెట్టెను సైతం లోనికి రానీయవు. కుందిని మోసికొనిపోయినను దానిలో ఒత్తి వేయుటకు వీలు లేదు.

ఇచ్చట ప్రాచీనమైన ఒక శాస్త్రచర్చ స్ఫురించును. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనహేతువులలో లెక్కించినది. అదే గ్రంథం దానిని ఉత్తరదేశీయుల ఆచారాలలో ఒకటిగా కూడా పేర్కొన్నది. అనగా నిషేధం ఉన్న కాలంలోనే ప్రయాణమూ ఉన్నదన్నమాట. నిషేధానికి పెద్దలు చెప్పు ముఖ్యకారణం నిత్యకర్మలోపం: ఓడపై అగ్ని నిలువదు, స్నానశౌచాలు నిలువవు, ఆహారనియమం నిలువదు. నేటి ఇల్లాలి ప్రశ్న కూడా సరిగా అదియే. "నలభైయేళ్ళుగా ఒక్క సాయంత్రం కూడా దీపం మానలేదు. మూడు రాత్రులు ఎలా మానేది?"

గోదావరి ప్రాంతీయులకు సముద్రయానం క్రొత్త కాదు. కాకినాడ రేవునుండి పొగఓడలలో వేలాదిమంది తెలుగువారు బర్మాకు తరలిపోయినారు. కోరంగి రేవు పేరు మీదుగా వారిని అక్కడ 'కోరంగీలు' అని పిలిచెడివారు. రంగూన్‌ను మనవారు 'రంగం' అన్నారు. ఈమె తాతగారు ఆ ఓడలలో డెక్కు మీద కూర్చొని ప్రయాణించినవారే. ఒక తుండుగుడ్డలో రెండు పంచెలు, ఒక చెంబు, అటుకులు. అంతే ఆయన సామాను. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినపుడు, అసంఖ్యాకులైన భారతీయులతో పాటు ఆయనయు కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగివచ్చినారు. పోవునపుడు ఉన్న మూటయు వచ్చునపుడు లేదు. ఆ కథను చిన్ననాట విన్న మనుమరాలికి, మూట చిన్నదగుట అన్నచో దారిద్ర్యమో, ఆపదయో మాత్రమే స్ఫురించుట సహజం.

శాస్త్రం చెప్పు అపరిగ్రహం ఈ రెండింటికంటె వేరైనది. పతంజలి మహర్షి యమములలో ఐదవదిగా దీనిని నిర్దేశించినారు. వ్యాసభాష్యం దీనికి ఇచ్చిన వివరణ మిక్కిలి సూక్ష్మమైనది: విషయాలయందు ఐదు దోషాలను దర్శించి వాటిని స్వీకరింపకుండుటయే అపరిగ్రహం. ఆ ఐదు దోషాలు ఆర్జనం, రక్షణం, క్షయం, సంగం, హింస. వీటిని ఆ మంచం మీది పెట్టెలకు అన్వయించి చూడవచ్చును. ఈ యాత్ర కొరకే కొన్న రెండు దుప్పట్ల ఖర్చు ఆర్జనదోషం. రేవులోను, విమానాశ్రయంలోను పెట్టె వంకనే చూచుచుండుట రక్షణదోషం. ఆవకాయ జాడీ పగులునేమో, నూనె చీరలకు అంటునేమో అను దిగులు క్షయదోషం. ఏ చీరను తీసివేయబోయినను చేయి వెనుకకు పోవుట సంగదోషం. ఆ పెట్టెలను మెట్లమీద మోయవలసినవాని నడుమునొప్పి హింసాదోషం. ఐదు దోషాలును రెండు పెట్టెలలో అమరియున్నవి.

అయినను సంచి తేలికయైనంత మాత్రాన అపరిగ్రహం సిద్ధించినదనరాదు. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయంలో భగవానుడు త్యాగాన్ని మూడు విధాలుగా విభజించినాడు. మోహంచేత నియతకర్మను విడుచుట తామసం. శరీరక్లేశభయంచేత విడుచుట రాజసం. దానికి త్యాగఫలం లేదు. కర్తవ్యమని చేయుచు, సంగాన్నీ ఫలాన్నీ విడుచుట సాత్త్వికం. కర్మల విషయంలో చెప్పిన ఈ వివేచనం ప్రయాణికునికి చక్కని గీటురాయి. బరువు మోయలేక కుందిని ఇంట విడిచి, దానితోపాటు దీపారాధననూ విడిచినచో అది రాజసం. ఆరాధనను నిలుపుకొని వస్తువును విడిచినచో మార్గం వేరు. వస్తువు వేరు, వ్రతం వేరు. కుంది ఇత్తడి, దీపారాధన నియమం. ఆ తుపాను రాత్రి నుండి ఆమె మనస్సులో ఈ రెండును ఒకటిగా పెనవేసుకొని ఉన్నవి. ముడి పడినది అక్కడనే.

ఆ ముడిని విప్పినది శాస్త్రజ్ఞుడు కాదు, ఆమె భర్త. మగ్గం మీదినుండి లేవకుండగనే ఆయన అన్నారు: "ఆ రాత్రి సముద్రం లాక్కుపోయింది. మనం వదిలింది కాదు. అప్పటినుంచి నువ్వు ఏది వదలాలన్నా లాక్కుంటున్నట్టే ఉంటుంది నీకు. ఇప్పుడు ఎవరూ లాక్కోవడం లేదు. నీ చేత్తో నువ్వే పెట్టి రా, నాలుగు రోజుల్లో నువ్వే తీసుకో."

పోగొట్టుకొనుటకు కర్త ఎవడును ఉండనక్కరలేదు. త్యాగానికి స్వతంత్రుడైన కర్త కావలెను. అలలు హరించినదానికి శోకమే గాని పుణ్యం లేదు. పాతికేళ్ళుగా ఆ ఇంట జరిగినది శోకమే. త్యాగానికి అవకాశం అంతవరకు రానేలేదు.

ఆ సాయంత్రం ఆమె తోడికోడలిని పిలిపించినది. కుందిని తోమి, ఒత్తులు, నూనెసీసా ప్రక్కన ఉంచి, మూడు రాత్రులూ సంధ్యవేళ వెలిగింపుమని అప్పగించినది. నియమానికి ఇంట లోపం కలుగదు. ఓడపై తాను చేయవలసినది మానసపూజ. బాహ్యోపచారాలు సాధ్యంకానిచోట మనస్సుతోనే ఆసనం, పుష్పం, ధూపం, దీపం సమర్పించు పద్ధతి మన సంప్రదాయంలో గౌరవింపబడినదే. శంకరభగవత్పాదుల పేర ప్రసిద్ధమైన శివమానసపూజా స్తోత్రం దానికి నిదర్శనం.

ఆ పిమ్మట సంచి సర్దుట సులువైనది. నూలుచీరలు రెండు, జాకెట్లు రెండు. ఒకటి ఉతికి ఆరవేసినచో మరొకటి సిద్ధం. ఒక సాయంత్రం కొరకు జాందానీ చీర ఒకటి. ఇతరుల కొరకు ఎన్నింటినో నేసిన ఆ దంపతులకు తమదని మిగిలినది అదొక్కటే. అందులోను అది గాలివలె తేలికయైనది, మడిచినచో అరచేతి వెడల్పున ఇమిడిపోవును. శీతలయంత్రపు చలికి ఒక శాలువ. దుప్పట్లు ఓడలోనే ఉండును. నాలుగు రోజులకు సరిపడు మాత్రలు, మరి రెండు రోజులకు అదనంగా, వైద్యుని చీటీతో సహా. ఆధార్ కార్డులు, టిక్కెట్ల ప్రతులు చేతికందు అరలో. ఫోను ఛార్జరు, పవర్ బ్యాంకు. విమానంలో పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండవలెను గాని అప్పగించు సామానులో పెట్టరాదు. బరువైన చెప్పులు కాళ్ళకే. జపమాల, కుంకుమ భరిణె. ఆవకాయ జాడీ అటుక మీదికి తిరిగి చేరినది. పట్టునూలు తూచు కాటాపై ఆ సంచిని ఉంచగా ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు తూగినది. "ఇంకా ఆరొందలు ఉందే" అన్నది తల్లి. ఆ చోటును నింపవలెనన్న కోరిక కలుగుట, కలిగినదని తెలియుట, నింపకుండ సంచి మూయుట – సాధన అనగా ఇంతకంటె పెద్దది కానక్కరలేదు.

ఓడ విశాఖను విడిచిన రాత్రి గదిలోని టీవీ తెరపై నౌకాగమనాన్ని చూపు పటం ఉన్నది. అర్ధరాత్రి సమీపించుచుండగా, ఇప్పుడు కాకినాడకు ఎదురుగా పోవుచున్నామని కుమార్తె చూపినది. ముగ్గురును పైకి వచ్చినారు. తీరం కానరాలేదు, చీకటి, గాలి, నీటిమీద ఓడదీపాల వెలుగు మాత్రమే. ఆమె పడమటి వైపునకు తిరిగి కన్నులు మూసుకొని చాలసేపు నిలిచినది. ఆ దిక్కున ఒక ఇంట కుంది ఉన్నది. ఆ ఇంటికి ఈవల, నీటి క్రింద, మరొక ఇల్లు ఉన్నది. ఆమె ఏ ఇంట దీపం వెలిగించినదో ఎవరును అడుగలేదు. కన్నులు తెరచి, "రేపు పొద్దున్న మాత్ర ఏ జేబులో పెట్టావే?" అని కూతురిని అడిగినది.

నాలుగవనాటి రాత్రి ఇల్లు చేరినారు. కుందిలో ఒత్తి వెలుగుచున్నది. సంచి విప్పగా ఒక నూలుచీర మడత చెక్కుచెదరక తిరిగివచ్చినది. "ఏమైనా మర్చిపోయామా అమ్మా?" అని కూతురు అడిగినది.

"ఏదో మర్చిపోయానని మొదటి రోజంతా వెతుక్కున్నాను. అదేంటో ఇప్పటికీ గుర్తు రాలేదు" అని ఆమె కుందిలో నూనె పోసినది.

స్వస్తి.