నోస్టెల్‌లోని మహాగని వ్రాతబల్ల



ఇంగ్లండు దేశపు ఉత్తర భాగంలో యార్క్‌షైర్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడ వేక్‌ఫీల్డ్ పట్టణానికి సమీపంలో నోస్టెల్ అనే పెద్ద భవనం కలదు. పూర్వం ఆ స్థలంలో క్రైస్తవ మఠం ఉండేది. 18వ శతాబ్దంలో విన్ అనే ధనిక కుటుంబం ఈ భవనాన్ని కట్టించింది. ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దీనిని కాపాడుతూ సందర్శకులకు చూపిస్తున్నది.

ఆ ఇంటి గ్రంథాలయానికి అలంకారం ఒక మహాగని వ్రాతబల్ల. పైన నల్లని తోలు పరచి ఉంటుంది. అడుగున తలుపులు, వాటి లోపల ఒక ప్రక్క సొరుగులు, మరొక ప్రక్క అరలు ఉంటాయి. మూలలలో సింహపు తలలు, పంజాలు చెక్కారు. దీనిని థామస్ చిప్పెండేల్ 1767లో సర్ రోలండ్ విన్‌కు చేసి ఇచ్చాడు. వెల 72 పౌన్లు 10 షిల్లింగులు. ఆ రోజుల్లో అది ఒక వ్యవసాయ కూలికి కొన్ని సంవత్సరాల సంపాదన!

చిప్పెండేల్ కూడా యార్క్‌షైర్ వాడే. 1718లో ఓట్లీ అనే ఊరిలో వడ్రంగి ఇంట పుట్టాడు. లండన్ చేరి, 1754లో తన నమూనాలతో పుస్తకం అచ్చువేసి గొప్ప పేరు పొందాడు.

ఆ కాలపు మహాగని బల్లను గుర్తించాలంటే పైమెరుపు చూస్తే చాలదు. సొరుగు బయటికి లాగి చూడాలి. పలకలు కలిసే మూలలో పావురం తోకవంటి పళ్ళు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. చేతితో కోసినవి గనుక అవన్నీ ఒకే కొలతలో ఉండవు. మంచి బల్లలలో సొరుగు లోపలి పలకలు తరచుగా ఓక్ కర్రవి. చెక్క అడుగున రంపపు గీతలు వంపు తిరిగి ఉంటే అది గుండ్రని రంపం పని, అనగా 19వ శతాబ్దపుదో ఆ తరువాతదో. ఇత్తడి పిడులు మార్చి ఉంటే లోపలి వైపున పాత రంధ్రాలు కనబడతాయి.

ఈ విధంగా వెదికితే వడ్రంగి చేతిపని తెలుస్తుంది. కాని చెట్టు కొట్టిన చేయి ఏ సొరుగులోనూ కనబడదు. 1721లో అమెరికా వలసల కలపపై బ్రిటిష్ పార్లమెంటు సుంకం తీసివేసినందున మహాగని దిగుమతి పెరిగింది. జమైకాలోను, హోండూరస్ తీరంలోను ఆ మ్రానులను నరికినవారు ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు. ఒకడు ఎత్తైన చెట్టెక్కి, ఆకుల రంగునుబట్టి మహాగని ఎక్కడున్నదో కనిపెట్టేవాడు. పగటి ఎండకు ఎడ్లు తాళలేవని రాత్రివేళ దివిటీల వెలుగులో దుంగలను ఏటికి లాగేవారు. వారికి కూలి లేదు. చిప్పెండేల్‌కు సైతం సర్ రోలండ్ సకాలంలో డబ్బు చెల్లించలేదు. బ్రతిమాలుతూ ఉత్తరాలు వ్రాయవలసివచ్చింది.

కూలి ఇవ్వకుండా పొరుగువానిచేత పని చేయించుకొని, దేవదారు పలకలతో ఇల్లు అలంకరించుకొనే రాజును యిర్మీయా ప్రవక్త 22వ అధ్యాయంలో గద్దించాడు. ఆ గద్దింపు ఇటువంటి గదులకు కూడా చెందదా?

అయినను దేవుడు సాక్షులను లేపాడు. విలియం విల్బర్‌ఫోర్స్ ఈ యార్క్‌షైర్ ప్రతినిధిగానే పార్లమెంటులో బానిస వ్యాపారంపై పోరాడాడు. 1791 ఫిబ్రవరిలో, మరణానికి కొద్ది దినాల ముందు, జాన్ వెస్లీ అతనిని ధైర్యపరుస్తూ ఉత్తరం వ్రాశాడు. 1807లో బానిస వ్యాపారాన్ని, 1833లో బ్రిటిష్ వలసలలో చాలావరకు బానిసత్వాన్ని రద్దుచేస్తూ చట్టాలు వచ్చాయి.

మన ఇండ్లలో మహాగని బల్ల లేకపోవచ్చు. టేకు తలుపో, పెండ్లి మంచమో ఉంటుంది. దాని పనితనాన్ని మెచ్చుకొందాం. పిల్లలకు చూపిద్దాం. అయితే వడ్రంగి లెక్క, కూలివాని లెక్క సాయంకాలానికి తీరినదా? ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగిన ఇంట్లోనే ప్రభువు సంతోషంగా కూర్చుంటాడు.