మంగళగిరి మెట్ల దగ్గర ఒక ప్రశ్న



ఈ నెల ఒక చిన్న ప్రయాణమును గూర్చి వ్రాస్తున్నాను. దూరదేశము కాదు. మా ఒంగోలు ప్రాంతము నుండి మంగళగిరికి, మూడు దినాల పని. అయితే ఆ ప్రయాణములో ఒక పెద్దాయన నన్ను ఒక ప్రశ్న అడిగాడు. బైబిలు కళాశాలలో డిప్లొమా చదివే రోజుల్లో ఆ ప్రశ్నకు జవాబు వ్రాసి మంచి మార్కులే తెచ్చుకొన్నాను. ఆయన ఎదుట మాత్రం ఆ జవాబు పనికిరాలేదు.

ఆయన మా సంఘస్థుడు కాడు. ఆయన భార్య విశ్వాసి. ప్రతి ఆదివారము ఆమెను గుడి దాకా తీసుకొచ్చి, తాను బయట వేపచెట్టు క్రింద కూర్చుంటాడు. లౌడ్‌స్పీకరులో ప్రసంగమంతా వింటాడు. ఆరాధన అయ్యాక ఆమెను తీసుకొని వెళ్లిపోతాడు. లోపలికి రమ్మంటే నవ్వి ఊరుకొంటాడు. జీవితమంతా ఇతరుల పొలాలు కౌలుకు తీసుకొని మిరప, పత్తి పండించిన మనిషి. ఈ మధ్య దగ్గు తగ్గక మనిషి చిక్కిపోయాడు. పిల్లలు హైదరాబాదులో కూలిపనుల్లో ఉన్నారు. మంగళగిరి ఎయిమ్స్ ఆసుపత్రిలో చూపించాలన్నారు. తోడు వెళ్లేవారు లేక నేను బయలుదేరాను.

తెల్లవారుజామున బస్సెక్కాము. ఒంగోలు దాటిన తరువాత జాతీయ రహదారి మీద గుండ్లకమ్మ వంతెన వస్తుంది. అటు వెళ్లిన ప్రతిసారీ ఆ నీళ్ల వైపు చూడకుండా ఉండలేను. ఈ ఏటి ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3వ తేదీన ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. 1876 నుండి 1878 వరకు గొప్ప కరువు. అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని కల్పించారు. కూడు కొరకు మతములో చేరారన్న మాట రాకూడదని, కరువు కాలములో బాప్తిస్మములు నిలిపివేశారు. కరువు తగ్గిన తరువాత జనము తామే వచ్చి అడిగారు.

అంతకు పదేళ్ల ముందే ఈ నేలమీద ఒక ప్రశ్న పుట్టింది. తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సహోదరుడు తాను నమ్మి, తనవారిని ప్రభువు నొద్దకు నడిపించాడు. వారు సంఘములో చేరుతుంటే, వీరిని చేర్చుకొంటే మేము రాలేమని అగ్రవర్ణాలవారు వెనుకకు తగ్గారు. దొరగారు, దొరసానిగారు ఎంతో కలత చెందారు. లోకము తక్కువగా ఎంచిన వారిని దేవుడు ఏర్పరచుకొన్నాడని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము చదివి, ఎవరు వచ్చినా కాదనరాదని నిశ్చయించుకొన్నారు. సిలువ ఎవరి కొరకు అన్న ప్రశ్న మన జిల్లాలలో పండితుల గదిలో పుట్టలేదు. మాదిగపల్లెలో పుట్టింది.

ఈ సంగతి పెద్దాయనకు చెప్పాను. విని, “అంతమందినా ఒకే రోజు!” అని చాలాసేపు కిటికీలో నుండి చూస్తూ కూర్చున్నాడు.

మంగళగిరి చేరేసరికి ఎండ ఎక్కింది. ఎటు నుండి చూచినా కొండ పడుకొన్న ఏనుగులా కనబడుతుంది. దాని క్రింద లక్ష్మీనరసింహస్వామి ఆలయపు గాలిగోపురము. దీనిని 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించాడు. పదకొండు అంతస్తులు, ఎత్తు సుమారు 153 అడుగులు. ఊరిలో ఏ వీధిలో నిలబడినా అది కనబడుతూనే ఉంటుంది. మేము బస చేసినది ఒక చేనేత సహోదరుని ఇంట్లో. గుంట మగ్గము, నడి ఇంట్లోనే పని. మంగళగిరి చీరెలకు, బట్టలకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని, అయినా మగ్గము మీద కూర్చునే పిల్లలు తగ్గిపోతున్నారని ఆయన చెప్పాడు.

మొదటి రోజు పరీక్షలు అయ్యాయి. ఫలితాలకు రెండు రోజులు ఆగమన్నారు. సాయంకాలము పెద్దాయన కాస్త నడుద్దామన్నాడు. కొండ మెట్ల దాకా వెళ్లాము. ఎక్కే ఓపిక లేదు గనుక క్రిందనే కూర్చున్నాము. భక్తులు బెల్లపు పానకపు బిందెలతో పైకి వెళ్తున్నారు. కొండ మీది స్వామిని పానకాలస్వామి అంటారు. శంఖముతో పానకము పోస్తే సగము స్వీకరించి, సగము ప్రసాదముగా తిరిగి ఇస్తాడని వారి నమ్మిక. పెద్దాయన చిన్నతనములో తల్లితో కలిసి ఈ మెట్లు ఎక్కాడట. ఆ జ్ఞాపకాలు చెప్తూ చెప్తూ ఆగి, నావైపు తిరిగాడు.

“అయ్యగారూ, ఇక్కడ మనం పోస్తాం, స్వామి సగం పుచ్చుకొని సగం ఇస్తాడు. మీ దేవుడు తానే పోశాడంటారు గదా, రక్తం. అది ఎంతమందికి పోశాడు?”

నేను వెంటనే చెప్పలేదు. ఆయనే మళ్లీ అన్నాడు: “మీరేమో లోకమంతటికీ అంటారు. మొన్న కూటాలకు వచ్చిన బోధకుడేమో ఏర్పరచుకొన్న వాళ్ల కోసరమే చనిపోయాడన్నాడు. చెట్టు కింద కూర్చొని రెండూ విన్నాను. ఏది నిజం?”

బైబిలు కళాశాల నాలో మేల్కొన్నది. రెండు పక్షాలను వరుసగా వివరించాను. క్రీస్తు అందరి కొరకు మరణించెననువారు 1 తిమోతి 2:6, హెబ్రీ 2:9, 1 యోహాను 2:2 చూపిస్తారు. తనవారి కొరకే అనువారు యోహాను 10:15, ఎఫెసీ 5:25, మత్తయి 1:21 చూపిస్తారు. గొఱ్ఱెల కొరకు కాపరి, సంఘము కొరకు వరుడు, తన ప్రజల కొరకు రక్షకుడు ప్రాణము పెట్టెనని అక్కడ ఉన్నది గదా అంటారు. ఇంగ్లాండుకు చెందిన 17వ శతాబ్దపు పండితుడు జాన్ ఓవెన్ గట్టి ప్రశ్న వేశాడు: ప్రతివాని అప్పూ క్రీస్తు తీర్చివేస్తే, నశించువాడు అదే అప్పును నరకములో మరల ఎందుకు కట్టాలి? హాలెండు దేశములో 1618–19లో డోర్ట్ పట్టణమున మహాసభ జరిగి, క్రీస్తు మరణము లోకమంతటికీ చాలినంత విలువగలదే గాని, రక్షించు ఫలము ఏర్పరచబడిన వారికేనని తీర్మానించింది. మన గుంటూరుకు 1842లో హయ్యర్ దొరగారు తెచ్చిన లూథరను విశ్వాసము మాత్రము, 1577 నాటి తమ ఒప్పుదల పత్రము ప్రకారము, క్రీస్తు సర్వమానవులను విమోచించెనని బోధిస్తుంది. ఇలా చాలాసేపు చెప్పాను.

పెద్దాయన ఓపికగా విన్నాడు. విని ఇలా అన్నాడు:

“నాకు దొరల సంగతి తెలవదు గానండి, రెండు వేల ఎనిమిదిలో రుణమాఫీ ఇచ్చారు, గుర్తుందా? ఊరంతా పండగ. రైతుల బాకీలు పోయాయన్నారు. నేనూ రైతునే గదా అని బ్యాంకు కాడికి పోయాను. గోడ మీద జాబితా అంటించారు. నాకు చదువు రాదు. ఒక కుర్రాణ్ణి బతిమాలి చదివించాను. మొత్తం చదివాడు. నా పేరు లేదు. పొలం నాది కాదు, బ్యాంకు అప్పు నా పేరున లేదు, నా అప్పంతా వడ్డీవ్యాపారి దగ్గర. నాకెట్లా వస్తుంది? ఇప్పుడు మీ యేసయ్య కాడ కూడా జాబితా ఉందంటే, చదవను వెళ్లడమెందుకు, మళ్లీ నా పేరు ఉండదు. అందుకే చెట్టు కింద కూర్చుంటా.”

ఆ పథకము మీలో చాలామందికి జ్ఞాపకము ఉంటుంది. అయిదెకరాల లోపు రైతులకు గడువు దాటిన బ్యాంకు బాకీ రద్దు. అంతకు పైబడినవారు మూడు వంతులు కడితే నాలుగవ వంతు రాయితీ. సొంత పేరున బ్యాంకు అప్పు లేని కౌలు రైతుకు అందులో చోటు లేదు. నేను వారికి ఆదివారము ప్రసంగించుచున్న ఇన్నేళ్లలో, గోడ అవతల ఒక మనుష్యుడు ఆ జాబితానే సిలువ మీద చూస్తున్నాడని నాకు తెలియదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంటివారు ఒక చీరె గడువుకు ఇవ్వవలసి ఉండి పొద్దుపోయే వరకు నేస్తున్నారు. మగ్గము చప్పుడు వింటూ దీపము దగ్గర పరిశుద్ధ గ్రంథము తెరిచాను. 2 కొరింథీ 5వ అధ్యాయము 19, 20 వచనాలు ఎన్నోసార్లు ప్రసంగించినవే. దేవుడు క్రీస్తునందు లోకమును తనతో సమాధానపరచుకొన్నాడని అపొస్తలుడు మొదట చెప్తాడు. వెంటనే, దేవునితో సమాధానపడుడని మనుష్యులను బతిమాలుతున్నాడు. రెండూ ప్రక్కప్రక్కనే ఉన్నాయి. సిలువలో పని సంపూర్ణము. అయినను మనుష్యుడు వచ్చి పుచ్చుకోవాలి. రాని వానికి అది ఊరకనే దొరికిపోదు. నిర్గమకాండము 12వ అధ్యాయములో గొఱ్ఱెపిల్లను వధించిన తరువాత రక్తమును ద్వారబంధాలకు పూయవలసి ఉండెను గదా. ఓవెన్ గారి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే: తీర్చబడిన అప్పును పుచ్చుకొననివాడు తన అప్పును తానే మోసుకొనుచున్నాడు. లోపము వెలలో లేదు.

మరొక సంగతి కూడా ఆ రాత్రి జ్ఞాపకము వచ్చింది. ఈ ప్రశ్న మీదనే జాన్ వెస్లీ, జార్జి విట్‌ఫీల్డు అను ఇద్దరు స్నేహితులు 1739 తరువాత విడిపోయారు. వెస్లీ అందరి కొరకు అన్నాడు, విట్‌ఫీల్డు ఏర్పరచబడినవారి కొరకు అన్నాడు. కానీ విట్‌ఫీల్డు పొలాలలో నిలబడి వేలమంది బొగ్గు గని కూలీలకు, ఎవరి పేరూ అడగకుండా, రండి రండి అని ప్రకటించాడు. 1770లో ఆయన చనిపోయినప్పుడు లండనులో సంస్మరణ ప్రసంగము చేసినది వెస్లీయే. శ్రీరాంపూరు విలియం కేరీ కూడా, తనవారి కొరకే అను పక్షపు బాప్టిస్టు సంఘాలలో నుండి వచ్చినవాడు. అయినను 1818లో ఆ ముద్రణాలయము నుండే తెలుగు కొత్త నిబంధన వెలువడింది. ఏర్పాటు సిద్ధాంతము ఆయన చేతిలో జాబితాగా మారలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు వెస్లీ బిడ్డలు, డోర్ట్ తీర్మానములను గౌరవించిన వారి బిడ్డలు ఒకే రొట్టె విరిచారు.

ఉదయము టీ త్రాగుతూ పెద్దాయనతో అన్నాను: “పెద్దాయనా, నిన్న నేను చాలా మాటలు చెప్పాను గాని మీరు అడిగినది చెప్పలేదు. బ్యాంకు జాబితాలో ముందు పేరు చూసుకొని తరువాత లోపలికి వెళ్లాలి. ప్రభువు దగ్గర అలా లేదు. ముందు రమ్మన్నాడు. వచ్చినవానిని త్రోసివేయనన్నాడు. మీ కొరకు చనిపోలేదని చెప్పే అధికారము నాకు లేదు, ఆ బోధకునికీ లేదు. మీ కొరకూ చనిపోయాడని చెప్పే ఆజ్ఞ మాత్రం ఉంది.”

“నా అప్పు వడ్డీవ్యాపారి దగ్గరదైనా?” అన్నాడు నవ్వుతూ.

“ఎవరి దగ్గరదైనా.”

ఆయన గ్లాసు క్రింద పెట్టి, “ఈ మాట ముందే చెప్తే పోయేది గదండీ” అన్నాడు. పరిహాసముగానే అన్నాడు. నాకు మాత్రము ఆ మాట గ్రుచ్చుకొన్నది.

ఫలితాలు వచ్చాయి. మందులు వ్రాశారు, నెల తరువాత మరల రమ్మన్నారు. తిరుగు ప్రయాణములో గుండ్లకమ్మ వంతెన మీద ఆయన నిద్రపోతున్నాడు. నేను లేపలేదు.

ప్రియ పాఠకులారా, ఆ పెద్దాయన ఇంకా బాప్తిస్మము పొందలేదు. ఇప్పటికీ ఆదివారము వేపచెట్టు క్రిందనే కూర్చుంటున్నాడు. తొందరపెట్టను. అయితే నా ప్రసంగము మారింది. గోడ లోపలివారికి మాత్రమే కాక, చెట్టు క్రిందివానికి కూడా వినబడేటట్లు, నీ కొరకు అని చెప్తున్నాను. అందరూ రక్షింపబడి తీరుతారని నేను చెప్పుట లేదు. వాక్యము అలా చెప్పదు. నమ్మనివాడు నష్టపోవును. అయితే ఎవడును తన కొరకు వెల చెల్లించబడలేదన్న కారణమున నష్టపోడు.

మీ సంఘములోను గోడ అవతల కూర్చున్నవారు ఉంటారు. విశ్వాసురాలి భర్త, చదువుకొని దూరమైన కుమారుడు, ఒకప్పుడు గద్దించబడి మరల రాని సహోదరుడు. మన మాటలతోను, చూపులతోను మనము గుడి గోడ మీద ఏ జాబితా అంటించామో పరీక్షించుకొందము. ఉంటే ఈ వారమే చింపివేయుదము. సిద్ధాంతములను గూర్చి వాదించుకొనుటకు మనకు సమయమున్నది. దగ్గుతూ చెట్టు క్రింద కూర్చున్నవానికి అంత సమయము ఉండకపోవచ్చును.

అందరి కొరకు తన్నుతాను అర్పించుకొన్న ప్రభువు, ఆ మాటను వెరపు లేకుండా ప్రతివానికి చెప్పు ధైర్యమును మనకు దయచేయును గాక. ఆమేన్.