నాన్నజ్ బీడులో ముళ్ళ కాపలా

సోలాపూర్ పూర్వభాగంలో పుట్టి పెరిగినా నాన్నజ్ చూడనోళ్ళు మనలో చాలామంది. బార్శి రోడ్డు మీద సుమారు 20 కిలోమీటర్లు పోతే వస్తుంది. 1979లో ప్రకటించిన మాళఢోక్ అభయారణ్యం ఇక్కడే. మాళఢోక్ అంటే మన బట్టమేక పిట్ట. అది కనిపించడం ఇప్పుడు చాలా అరుదు. కృష్ణజింకలు మాత్రం కనిపిస్తాయి. అభయారణ్యం అనగానే పెద్ద చెట్లు ఊహించుకోకండి. అంతా గడ్డి, రాళ్ళు, నడుమ నడుమ ముళ్ళ చెట్లు. "ముళ్ళు తప్ప ఏముందక్కడ?" అంటారు. ఆ ముళ్ళనే ఒకసారి నిదానంగా చూడండి.

వాన తక్కువ పడే నేల ఇది. పోయిన ఆకు మళ్ళీ రావాలంటే చెట్టుకు కష్టం. అందుకే కాపలా పెట్టుకుంటుంది. లేత తుమ్మకు తెల్లటి పొడుగు ముళ్ళు జంటగా ఉంటాయి. చెట్టు ఎదిగేకొద్దీ, మేక మూతి అందని పైకొమ్మలకు ముళ్ళు తగ్గుతాయి. ముల్లు పెంచడం చెట్టుకూ ఖర్చే కదా! రేగుకు ఒక ముల్లు నిటారుగా, పక్కది కొక్కెంలా ఉంటుంది. చెయ్యి పెడితే ఒకటి గుచ్చుతుంది, వెనక్కి లాగితే రెండోది పట్టుకుంటుంది. నాగజెముడుకైతే ఆకులే ముళ్ళయ్యాయి. పచ్చగా, వెడల్పుగా కనిపించేది దాని కాండం. పెద్ద ముల్లు తీసెయ్యొచ్చు గానీ, దాని మొదట్లో ఉండే నూగుముళ్ళు చర్మంలో దిగితే తీయడం మహా కష్టం.

ఇంత ఉన్నా మేక తింటుంది. కానీ నోటినిండా లాగలేదు, ఆకాకూ ఏరుకోవాలి. ఆలస్యమయ్యేసరికి పక్క చెట్టుకు పోతుంది. చెట్టుకు ఆ మాత్రం చాలు.

జంతువుల్లో ఏదుపందిదీ ఇదే దారి. దాని ముళ్ళు గట్టిపడ్డ వెంట్రుకలే. బాణాల్లా విసురుతుందన్నది వట్టి మాట. ముందు కాళ్ళు నేలకేసి కొడుతుంది, తోక గలగలలాడిస్తుంది. అయినా వినకపోతే వెనక్కి తిరిగి మీదికొస్తుంది. అంటే ముందు హెచ్చరిక, తర్వాతే పోటు.

ముల్లు ఇతరులకూ అక్కరకొస్తుంది. వానాకాలంలో గిజిగాడు తుమ్మ కొమ్మకు గూడు అల్లుతాడు. మనలాగే నేత పనివాడు. పిల్లల్ని కాయడానికి ముళ్ళ చెట్టు కన్నా మంచి చోటేముంది?

పనికిరాని ముళ్ళకంప అని నరికేస్తే ఈ గూళ్ళూ పోతాయి. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుపోండి. నీళ్ళు పట్టుకోండి, కాళ్ళకు బూట్లు తొడగండి. నాగజెముడు మాత్రం ముట్టనివ్వకండి.