ఇంటి శుభ్రత – ఇంటివారి క్షేమము

చోడవరం చుట్టుప్రక్కల పల్లెలలో ఇండ్లు దర్శించుటకు వెళ్ళినప్పుడు మేము ఒక సంగతి గమనిస్తున్నాము. మరుగుదొడ్డి వచ్చిన ఇంటికల్లా యాసిడ్, ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు కూడా వచ్చాయి. శుభ్రత మంచిదే. కాని అవి ఉండే చోటు చూస్తే మాకు భయము వేస్తుంది. కొన్ని ఇండ్లలో యాసిడ్ కూల్‌డ్రింకు సీసాలో, పసిపిల్లలకు అందే గూటిలోనే ఉంటుంది.

గత వేసవిలో మా సంఘములోని ఒక ఇంట నాలుగేండ్ల బాబు ఎండలో ఆడి వచ్చి, దాహముతో అటువంటి సీసానే ఎత్తాడు. నాయనమ్మ చూచి లాగివేయుటవలన బిడ్డ దక్కాడు. గచ్చు మీద ఒలికిన యాసిడ్ బుసబుస పొంగుట చూచి, "అయ్యగారూ, ఇది వీడి గొంతులో పడి ఉంటే?" అని తల్లి ఏడ్చింది. అందుకే ఈ నాలుగు మాటలు.

మొదటిది, ఏ వస్తువునైనా అది వచ్చిన డబ్బాలోనే, ఎత్తున ఉంచండి. యాసిడ్ విడి అమ్మకముపై సుప్రీంకోర్టు 2013లోనే కట్టడి చేసింది. 18 ఏండ్లు నిండనివారికి అమ్మరాదు. కనుక పిల్లలను కొట్టుకు పంపకండి.

రెండవది, బ్లీచింగ్ పౌడరులో యాసిడ్ కలపకండి. మరకలు త్వరగా పోతాయని కలుపుతారు. పుట్టేది క్లోరిన్ వాయువు. 1915లో బెల్జియంలోని ఈప్ర్ వద్ద సైనికులపై వదిలినది ఈ వాయువే. చింతపండు పులుసు, నిమ్మరసము కూడా బ్లీచింగులో కలపరాదు. ఘాటు తగిలితే వెంటనే బయట గాలిలోకి రండి. 2020 మే 7న విశాఖ వెంకటాపురంలో లీకైన స్టైరీన్ వేరు. అయినా నిద్రలో ఉన్నవారిని విషపుగాలి ఏమి చేయగలదో మనమంతా చూచాము.

మూడవది, ఎవరైనా త్రాగితే వాంతి చేయించకండి. యాసిడ్ మళ్ళీ గొంతును కాల్చుతుంది. నోరు పుక్కిలించి, 108కి ఫోను చేసి, ఆ సీసాను కూడా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. కంట పడితే పావుగంటకు తగ్గకుండా మంచినీటి ధారతో కడగండి.

నాలుగవది, మన పెద్దల పద్ధతులు మరువకండి. పాడేరు కొండల కుంకుడుకాయలను గిరిజనుల వద్ద గిరిజన సహకార సంస్థ కొంటుంది. ఆ రసము గిన్నెలకు, గచ్చుకు చక్కగా పనిచేస్తుంది. కంట మాత్రము పడనీయకండి. ఇత్తడికి చింతపండు, ఉప్పు. జిడ్డుకు వంటసోడా చాలును. మరుగుదొడ్డిని రోజూ బ్రష్షుతో రుద్దితే యాసిడ్ అవసరము చాలా తగ్గుతుంది. సెప్టిక్ ట్యాంకులో మలినమును కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు కూడా చావకుండా ఉంటాయి.

క్రొత్త ఇల్లు కట్టేవాడు, ఎవరూ పడకుండా మేడకు పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము చెబుతుంది. మన ఇండ్లకు ఆ పిట్టగోడ, పిల్లల చేయి అందని ఒక అర, దానికొక గడియ. ఈ ఆదివారము ఆరాధన ముగిసి ఇంటికి వెళ్ళిన వెంటనే స్నానాలగదిలోని సీసాలు ఒకసారి చూడండి.