ముహూర్తానికి రెండో కన్ను

పందిట్లో మేళం జోరందుకుంది. జీలకర్ర-బెల్లం అయిపోయింది. ఇక పుస్తె కట్టడమే తరువాయి. పురోహితుడు చెయ్యెత్తి సైగ చేశాడు. పెళ్లికొడుకు లేచి నిలబడ్డాడు. నాలుగువైపుల నుంచీ అక్షింతలు గాల్లోకి లేచాయి. ఫొటోగ్రాఫర్ కెమెరాని కంటికి ఆనించి మీట నొక్కాడు. 'టక్'మనాల్సింది కాస్తా 'టర్ర్'మంది. వెనక తెరమీద 'ఎర్రర్' అన్న ఒక్క మాట. బ్యాటరీ తీసి పెట్టాడు... మళ్లీ అదే మాట. లెన్సు విప్పి బిగించాడు... అదే మాట. ఈలోగా మూడుముళ్లూ పడిపోయాయి. అక్షింతలు నేలకు చేరాయి.

మహబూబాబాద్ జిల్లా దంతాలపల్లిలో చిన్న స్టూడియో నడుపుతున్న ఆ ఫొటోగ్రాఫర్ ఆ రోజుని ఇప్పటికీ మర్చిపోలేదు. పక్కనున్న కుర్రాడు సెల్‌ఫోన్‌తో తీసిన నాలుగు బొమ్మలే ఆల్బమ్‌లో ఆ పేజీని నిలబెట్టాయి. ''వడ్డించేటప్పుడు గంటె విరిగితె చేత్తోనన్న పెట్టొచ్చు. పుస్తె మళ్లొక్కసారి కట్టుమని ఎవలనడుగుతం?'' అంటాడాయన. రావాల్సిన బాకీ డబ్బులు అడగలేదు. పెళ్లివాళ్లూ పల్లెత్తు మాటనలేదు. మాటనకపోవడమే ఎక్కువ బాధనిపించిందట. పైగా అదే ఇంటివాళ్లు చిన్నకూతురి పెళ్లికీ ఆయన్నే పిలిచారు. ''ఈసారన్న మంచిగ తియ్యి తమ్మీ'' అన్నాడు పిల్ల తండ్రి. లగ్గం శ్రావణంలో. అప్పట్నుంచీ ఆయన్ని పట్టుకున్న ప్రశ్న ఒక్కటే... రెండో కెమెరా ఏది కొనాలి?

రోడ్డు మీది ఊరు

వరంగల్‌లో ఖమ్మం రోడ్డెక్కి వర్ధన్నపేట, రాయపర్తి, తొర్రూరు దాటితే దంతాలపల్లి వస్తుంది. సూర్యాపేట వెళ్లాలన్నా ఇక్కడి నుంచి దారుంది. ఒకప్పుడు ఇది వరంగల్ జిల్లా నర్సింహులపేట మండలంలో ఓ గ్రామం. 2016 అక్టోబరు 11న జిల్లాలను విడగొట్టినప్పుడు కొత్త మహబూబాబాద్ జిల్లాలో తనే ఓ మండలకేంద్రమైంది. చుట్టూ పెద్దముప్పారం, కుమ్మరికుంట్ల, దాట్ల లాంటి ఊళ్లు. మధ్యమధ్యలో లంబాడా తండాలు. వరి, పత్తి, మిరప చేలు. పాలేరు వాగు.

మండలకేంద్రమంటే ఆఫీసులు, ఆఫీసులంటే దరఖాస్తులు, దరఖాస్తులంటే పాస్‌పోర్టు సైజు ఫొటోలు. ఏ చిన్న పట్నంలోనైనా స్టూడియోకి రోజువారీ తిండి పెట్టింది ఆ ఫొటోలే. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వాళ్లే ఫొటో తీసేసుకుంటున్నారు. మిగతాది సెల్‌ఫోన్ చూసుకుంటోంది. స్టూడియోకి మిగిలింది పెళ్లిళ్లే.

ఇక్కడి పెళ్లి ఒక్కపూటతో అయిపోయేదీ కాదు. మైలపోలు, ఎదుర్కోళ్లు, లగ్గం, అప్పగింతలు, బరాత్... కెమెరాకి ఊపిరాడదు. అలాగని ఏడాదంతా ఈ సందడి ఉండదు. ఆషాఢం వస్తే పందిళ్లు లేవు. మూఢమొస్తే అసలే లేవు. 2024 వేసవిలో అదే జరిగింది. శుక్ర, గురు మౌఢ్యాలతో మే, జూన్ నెలల్లో పెళ్లి ముహూర్తాలే లేకపోయాయి. ముహూర్తాలు తగ్గితే ఉన్న నాలుగు రోజుల్లోనే పెళ్లిళ్లన్నీ వచ్చిపడతాయి. ఆ రోజు తొర్రూరులోగానీ మరిపెడలోగానీ ఏ ఫొటోగ్రాఫర్‌నైనా 'అన్నా, ఒక్క పూటకి నీ కెమెరా ఇయ్యవా' అని అడిగి చూడండి. ఆయన మెడలోనే ఉంటుంది, ఇంకో పందిట్లో!

అద్దెకు తెచ్చుకుందామంటే వరంగల్‌కో హైదరాబాద్‌కో పోవాలి. దారి బాగుంటే సరే. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో వాగులు పొంగి రోడ్లు మునిగాయి. కేసముద్రం దగ్గర రైలుపట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. అలాంటి రోజున చేతిలో ఉన్నదే కెమెరా.

బీరువాలో యాషికా

రెండో కెమెరా అనేది డిజిటల్ కాలంలో పుట్టిన ముచ్చట కాదు. ఫిల్మ్ రోజుల్లోనూ పాత స్టూడియోల బీరువాల్లో ఓ యాషికానో, పెంటాక్స్ కె1000నో తోలుసంచిలో పడుకుని ఉండేది. 120 ఫిల్మ్ చుట్టకి చదరపు బొమ్మలు పన్నెండే. 35 ఎం.ఎం. రీలుకి ముప్ఫైఆరు. రీలు అయిపోయే ముందు రెండోదాంట్లో కొత్త రీలెక్కించి సిద్ధంగా ఉంచుకునేవాళ్లు. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2 లాంటివైతే బ్యాటరీ అయిపోయినా షట్టర్ ఆడేది. వెలుతురుని కొలిచేందుకు మాత్రమే దానికి బ్యాటరీ కావాలి. ఇప్పటివాటికి కరెంటు లేకపోతే కన్నే తెరుచుకోదు.

అంతెందుకు... చంద్రుడి మీదకీ రెండు తీసుకెళ్లారు! 1969 జులైలో అపోలో-11 వ్యోమగాములు బయట నేలమీద వాడింది ఒక హాసెల్‌బ్లాడ్ కెమెరా. అది మొరాయిస్తే ఉంటుందని ఇంకొకటి 'ఈగిల్' లోపలే ఉంచారు. తిరిగొచ్చేటప్పుడు బరువు తగ్గించుకోవడానికి కెమెరాని అక్కడే వదిలేసి, ఫిల్మ్ ఉన్న డబ్బాలను మాత్రం భద్రంగా తెచ్చుకున్నారు. కెమెరా పోతే పోనీ, బొమ్మ దక్కాలి... పెళ్లి ఫొటోగ్రాఫర్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ముందున్న మూడు దారులు

దంతాలపల్లి ఫొటోగ్రాఫర్ దగ్గరున్నది ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్. దానికి 24-70 లెన్సు ఒకటి, దూరంనుంచి తీసేందుకు 70-200 ఒకటి, రెండు ఫ్లాష్‌లు, అరడజను బ్యాటరీలు. మొరాయించిన షట్టర్‌ని మార్పించి వాడుతున్నాడు. తోడుగా ఇంకో బాడీ తేవాలి. ఎదురుగా మూడు దారులు.

మొదటిది... తక్కువ ధరలో కొత్త చిన్న కెమెరా. డబ్బాలో లెన్సు కూడా వస్తుంది, గ్యారంటీ ఉంటుంది. అయితే ఇలాంటివాటిలో సెన్సర్ చిన్నది. క్యానన్‌లో అయితే లెన్సు చూపే దృశ్యం 1.6 రెట్లు, నికాన్‌లో 1.5 రెట్లు దగ్గరైపోతుంది. అంటే 24 ఎం.ఎం. లెన్సు దాదాపు 38 ఎం.ఎం. లెన్సులా చూపిస్తుంది. పల్లెటూరి ఇంటి ముందు వేసే పందిరి ఎంతుంటుంది? వెనక్కి జరుగుదామంటే గోడ. అటు మేనమామ, ఇటు ఆడబిడ్డ ఫొటోలోంచి ఎగిరిపోతారు! బ్యాటరీ కూడా వేరే రకమైతే ఇంకో ఛార్జరు, ఇంకో సంచి.

రెండోది... మిర్రర్‌లెస్. క్యానన్, నికాన్ రెండూ 2018లో ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లకు కొత్తరకం లెన్సు బిగింపులతో వచ్చాయి. ఇవాళ కంపెనీల చూపంతా అటే. కళ్లని వెతికి పట్టుకుని ఫోకస్ చేస్తాయి. పాత లెన్సుల్ని అడాప్టర్‌తో వాడుకోవచ్చు. కాకపోతే కొత్తరకం లెన్సులు పాత బాడీకి ఎక్కవు. నికాన్‌లో మోటారు లేని పాత లెన్సులకు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ పనిచేయదు. కొత్త ఫుల్‌ఫ్రేమ్ బాడీ అంటే లక్ష దాటడం మామూలే. దీన్ని కొంటే నిజానికి పాతదే 'రెండోది' అవుతుంది. ఎలాగూ మారాలనుకునేవారికి ఇదే మంచిదారి. కానీ ఫైనాన్స్ కిస్తీలు మూఢం వచ్చిందని ఆగవు కదా.

మూడోది... చేతిలో ఉన్నదాని జంట. అదే మోడల్, సెకండ్‌హ్యాండ్‌లో. అవే లెన్సులు, అవే బ్యాటరీలు, అదే రంగు. అన్నిటికన్నా ముఖ్యం, మీటలన్నీ అవే చోట. పుస్తె కట్టేవేళ కెమెరా మారిస్తే వేలు వెతుక్కోకూడదు. సొంత ఇంట్లో చీకట్లో స్విచ్ వేసినంత తేలిగ్గా ఉండాలి.

షట్టర్ లెక్క

సెకండ్‌హ్యాండ్ అనగానే అందరూ అడిగేది షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందని. బండికి కిలోమీటర్ల లెక్కలాంటిది. క్యానన్ 5డి మార్క్3, నికాన్ డి750లకు కంపెనీలు చెప్పిన లెక్క 1,50,000. క్యానన్ 6డికి 1,00,000. పెళ్లికి మూడువేల ఫొటోలు అనుకుంటే 1,50,000 అంటే యాభై పెళ్లిళ్లే! అయితే ఇది కాలం చెల్లే తేదీ కాదు. పరీక్షల్లో అంతదాకా తట్టుకుందని మాత్రమే. దాటినా ఆడుతున్నవి ఉంటాయి, ముందే ఆగినవీ ఉంటాయి. షట్టర్ మార్పించడానికి అయ్యే ఖర్చుని ముందే ధరలో కలిపి చూసుకోవడం తెలివైన పని. నికాన్ ఫొటో ఫైలులోనే ఈ లెక్క దొరుకుతుంది. క్యానన్‌లో చాలా మోడళ్లకు కెమెరాని కంప్యూటర్‌కి తగిలించి ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌తో చూడాలి.

దంతాలపల్లి ఫొటోగ్రాఫర్ లెక్క మాత్రమే చూసి ఊరుకోలేదు. సొంత లెన్సులు, సొంత ఫ్లాష్ సంచిలో వేసుకుని హైదరాబాద్ వెళ్లాడు. లెన్సుకి మూత పెట్టి ఫొటో తీస్తే నల్లని తెరమీద చుక్కలు మెరుస్తున్నాయేమో చూశాడు. ఎపర్చర్ ఎఫ్16లో పెట్టి ఆకాశాన్ని తీస్తే సెన్సర్ మీది దుమ్ము బయటపడింది. అది తుడిస్తే పోయేదే. ఫ్లాష్ బిగించి నూరుసార్లు కొట్టించాడు. కార్డు పెట్టే చోట సన్నటి సూదులు వంగాయేమో టార్చి వేసి చూశాడు. బిల్లు మీది నంబరు, బాడీ కింది నంబరు ఒకటేనా అని సరిచూశాడు. ఒక కెమెరాని ఇలాగే పక్కన పెట్టేశాడు. ఫొటోలు బాగానే వచ్చాయి, కానీ ఫ్లాష్ మూడుసార్లకొకసారి ఎగ్గొడుతోంది. రెండోదాన్ని ఎంచుకున్నాడు.

ఇంకో సంగతి కూడా పట్టుబట్టి చూశాడు. రెండు కార్డులు పట్టాలి. ప్రతి ఫొటో ఒకేసారి రెండింట్లో పడుతుంది. 5డి మార్క్3, డి750లలో ఆ సౌకర్యం ఉంది. 6డిలో లేదు. ఆగిన షట్టర్ ఆ క్షణం నుంచే నష్టం చేస్తుంది. చెడిపోయిన కార్డు అప్పటిదాకా తీసినదంతా పట్టుకుపోతుంది. రెండో కెమెరా ఉన్నా దానికి మందు లేదు.

ఆషాఢంలో రిహార్సల్

కొన్న కెమెరాని సంచిలో దాచలేదు. పనిలేని ఆషాఢమంతా దానితోనే. ఊరి సెంటర్లో బస్సులు, వాగు ఒడ్డున బర్రెలు, నాట్లేసే కూలీలు, బడి నుంచి వచ్చే పిల్లలు... కనిపించిందల్లా తీశాడు. వాన తుంపరలో, దీపాల వెలుతురులో, ఎర్రటి ఎండలో తీశాడు. అప్పుడే ఒక తిరకాసు బయటపడింది. రెండు కెమెరాల గడియారాలకి ఐదు నిమిషాల తేడా! కంప్యూటర్లో ఫొటోలు టైము ప్రకారం పేరిస్తే తలంబ్రాల తర్వాత పుస్తె కట్టినట్టు కనిపించేది. రెండింటి టైమూ ఒకటి చేశాడు. ఫైళ్ల పేర్లు కలిసిపోకుండా ఒక్కోదానికి ఒక్కో అక్షరం పెట్టాడు. బ్యాటరీల మీద అంకెలు రాసి అతికించాడు.

శ్రావణం వచ్చింది. అదే ఇల్లు, అదే వాకిట్లో పందిరి. ఫొటోగ్రాఫర్ పెళ్లికొడుకు వైపు నిలబడ్డాడు. అప్పుడు సెల్‌ఫోన్‌తో ఆదుకున్న కుర్రాడే ఇప్పుడు రెండో కెమెరాతో పెళ్లికూతురి వెనక. మేళం జోరందుకుంది. అక్షింతలు లేచాయి. మొదటి కెమెరా ఎక్కడా తడబడలేదు. మూడుముళ్లూ వరసగా దక్కాయి. రెండో కెమెరాలో పడింది ఇంకోటి... పీటల వెనక, కొంగుతో కళ్లొత్తుకుంటూనే నవ్వుతున్న పిల్ల తల్లి. అటు నిలబడ్డవాళ్లకే కనిపించే బొమ్మ అది. ఆల్బమ్‌లో దానికి పూర్తి పేజీ ఇచ్చారు.

భోజనాల దగ్గర పెళ్లికూతురి నాయనమ్మ అడిగింది... ''ఒక్క పెండ్లికి రెండు కెమెరాలెందుకు బిడ్డా?''

''ఒకటి ఫొటోలకవ్వా... ఇంకోటి నా పానానికి!'' అన్నాడాయన.